మూడు పరవాలేదులు

పరాకు మూడో అంతస్తు మెట్ల మీద నిలబడి పైకి చూస్తోంది. గోడ వెంట ఒక లావుపాటి నీళ్ల పైపు పైనుంచి కిందికి దిగుతుంది. ఎవరింట్లోనో కుళాయి తిప్పినట్టున్నారు, పైపులో గలగలమని చప్పుడైంది. నది మేడ దిగి వెళ్తోంది, అనుకుంది పరాకు. ఎక్కడికో? బజారుకేమో. చేతిలో సంచీ కూడా ఉండే ఉంటుంది.

ఆ పిల్ల అసలు పేరు పరాకు కాదు లెండి. ఒకరోజు ఒక కాలికి బూటు, ఇంకో కాలికి చెప్పు వేసుకుని బడికి వెళ్లింది. సాయంత్రం దాకా ఆ సంగతి చూసుకోనే లేదు. అప్పటి నుంచి ఇంటిల్లిపాదీ అలాగే పిలుస్తున్నారు.

"ఇంకా మెట్ల మీదే ఉన్నావా తల్లీ?" కిందనుంచి నాన్న కేకేశాడు. "మూడిళ్లు అడిగి రమ్మంటే పొద్దంతా పడుతుందా?"

"ఇదిగో, వెళ్తున్నా నాన్నా!"

సంగతేమిటంటే, పరాకు వాళ్ల నాన్న ఆ బిల్డింగ్ కమిటీకి సెక్రటరీ. కుళాయి పాడైనా, తలుపు బిగుసుకుపోయినా ఎవరిని పిలవాలో అక్కడ ఎవరికీ తెలిసేది కాదు. అందుకని కమిటీవాళ్లు ఒక ఏర్పాటు చేశారు. కింద నోటీసు బోర్డుకి పనివాళ్ల కార్డులు గుచ్చారు. ఎవరి పనైనా బాగుందని మూడిళ్లవాళ్లు చెబితే, ఆ కార్డు మీద ఆకుపచ్చ చుక్క అంటిస్తారు. చుక్క ఉందంటే కళ్లు మూసుకుని పిలవొచ్చన్నమాట. బడికి సెలవు కదా, అడిగొచ్చే పని పరాకు మీద పడింది.

ఈరోజు వంతు నవ్వుల ప్లంబర్‌ది. ఆయన మొహంలో నవ్వు చెరగదు. పరాకు కనబడితే చాలు, చేతిలో ఉన్న పైపు ముక్కని ఈలలాగా ఊది వినిపిస్తాడు. ఆయనకి చుక్క రావాలని పరాకుకి మహా ఆశగా ఉంది.

మొదటి ఇంట్లో ఆంటీ ఫోను చెవికి ఆనించుకునే తలుపు తీసింది.

"ఆంటీ, మీ కుళాయి బాగుచేశారు కదా, పని ఎలా ఉంది?"

"ఆఁ... పరవాలేదులే అమ్మా," అంది ఆంటీ. మళ్లీ ఫోన్లోకి, "ఊఁ, తర్వాతేమైందో చెప్పవే," అంది.

లోపల వంటింట్లోంచి టిప్, టిప్ అని వినిపిస్తోంది. కప్పల ఊళ్లో గడియారం ఇలాగే కొట్టుకుంటుందేమో, అనుకుంది పరాకు. చేతిలో ఉన్న నోటుపుస్తకంలో 'పరవాలేదు' అని రాసుకుంది.

రెండో ఇంట్లో లెక్కల మాస్టారు పేపర్లు దిద్దుతున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాసేపు ఆలోచించారు.

"పరవాలేదమ్మా. పాపం, మంచివాడే," అన్నారు.

ఆయన వెనక వాష్‌బేసిన్ కింద ఒక బకెట్ ఉంది. అందులో నీళ్లు, ఆ నీళ్లలో లైటు వణుకుతూ కనిపించింది. ఎవరో చందమామని పట్టుకొచ్చి బకెట్లో దాచినట్టున్నారు. పరాకు దాన్నే చూస్తూ ఇంకో 'పరవాలేదు' రాసింది.

మూడో ఇల్లు కుట్టుమిషను పిన్నిది. పిన్ని పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడింది.

"పరవాలేదు, పోనిద్దూ. ఆ చిటపటల ప్లంబర్ కంటే నయమే కదా. మా బాత్రూం కుళాయి బిగించినప్పుడు విన్నాంగా, అబ్బో, ఆయన నోరు! పిలవాలంటేనే గుండె దడ."

పిన్ని వంటింట్లో కుళాయికి తువ్వాలు గట్టిగా చుట్టి ఉంది. తలపాగా పెట్టుకున్న రాజుగారు, అనుకుంది పరాకు.

మూడు పరవాలేదులు! పరాకు రెండేసి మెట్లు దూకుతూ కిందికొచ్చింది. నాన్న పుస్తకం అటూ ఇటూ తిప్పి సంతకం పెట్టేశాడు. పరాకు నవ్వుల ప్లంబర్ కార్డు మీద ఆకుపచ్చ చుక్క అంటించింది. పక్కనే ఉన్న చిటపటల ప్లంబర్ కార్డు ఖాళీగా ఉండిపోయింది.

ఆ బిల్డింగ్‌లో అందరికంటే కింద ఉండేది బొమ్మల మామ్మ. కాగితం గుజ్జుతో తలలు, గుడ్డతో ఒళ్లు, దారాలతో ఆట. ఆమె బొమ్మల్లో పరాకుకి ప్రాణమైనది నిద్ర ఏనుగు. ఒక దారం లాగితే దాని కనురెప్పలు మెల్లగా వాలిపోతాయి. ఇంకో దారం లాగితే తొండం పైకి లేచి ఆవులిస్తుంది. శనివారం లైబ్రరీలో పిల్లలకి ఆ ఏనుగు ఆటే ఆడించాలని మామ్మ నెల రోజులుగా తయారుచేస్తోంది. ఏనుగు ఏం కలలు కంటుందో పరాకే చెప్పింది. మామ్మ ఆ కలలన్నీ ఆటలో పెట్టింది.

బుధవారం మామ్మ వంటింట్లో సింకు కింద పైపు ఊడింది. మామ్మ బోర్డు దగ్గరికెళ్లి చుక్క చూసింది. నవ్వుల ప్లంబర్‌ని పిలిచింది. ఆయన వచ్చాడు, నాలుగు జోకులు వేశాడు, పైపు బిగించి వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున నాన్నతో కలిసి పరాకు కిందికి దిగేసరికి మామ్మ గుమ్మం కిందినుంచి నీళ్లు పాకుతున్నాయి. లోపల చీలమండల దాకా నీళ్లు. కింద పెట్టిన బొమ్మల పెట్టెలోకి నీళ్లు చేరాయి. మామ్మ నిద్ర ఏనుగుని రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని నిలబడింది. దాని తొండం నానిపోయి, ముద్దగా జారి నీళ్లలో పడింది. పరాకు చూస్తుండగానే పడింది.

నాన్న పరుగెత్తి మెయిన్ వాల్వ్ కట్టేశాడు. నవ్వుల ప్లంబర్‌కి ఫోన్ చేస్తే ఆయన వేరే ఊళ్లో ఉన్నానన్నాడు. చేసేదేముంది? చిటపటల ప్లంబర్‌ని పిలిచారు.

ఆయన వస్తూనే మొదలుపెట్టాడు. "ఎవరండీ బిగించింది దీన్ని? లోపల వాషరే లేదు! ఏయ్ పాపా, వెలుతురుకి అడ్డం లే!"

పైపు విప్పి, మళ్లీ బిగించాడు. వాల్వ్ తిప్పించాడు. ఇక లేస్తాడనుకుంటే లేవలేదు. పాత న్యూస్‌పేపర్ చింపి, ఆ ముక్కని అతుకు చుట్టూ చుట్టాడు.

"పట్టుకో," అన్నాడు పరాకుతో.

"ఎంతసేపండీ?"

"నేను చాలనేదాకా. చెమ్మ ఏమాత్రం ఉన్నా కాగితం నల్లబడుతుంది. కళ్లు దాని మీదే పెట్టు. దిక్కులు చూశావంటే ఊరుకోను."

పరాకు చూసింది. పైపులో నది వెళ్తోంది. ఈసారి అది ఎక్కడికి వెళ్తోందో పరాకు ఆలోచించలేదు. వేళ్ల కింద కాగితం పొడిగా, గరగరలాడుతూ ఉంది. చాలాసేపటికి ఆయన "చాలు," అన్నాడు. కాగితం పొడిగానే ఉంది.

ఆయన వెళ్లాక పరాకు మామ్మ దగ్గరికి వెళ్లింది.

"మామ్మా, ఆ చుక్క నేనే అంటించాను."

మామ్మ తడిగుడ్డలు పిండుతోంది. తల తిప్పకుండానే, "పరవాలేదులేవే," అంది.

ఆ మాట వినగానే పరాకు చప్పున తలెత్తింది. ఈ మాట మేడ మీద మూడిళ్లలోనూ విన్నాను, అనుకుంది. ఇదే మాట. అనే తీరూ ఇదే.

ఆ సాయంత్రమే పాత పేపరు ముక్కలు జేబులో కుక్కుకుని మళ్లీ మేడెక్కింది.

"ఆంటీ, మొన్న మీరు పరవాలేదన్నారు. బాగా చేశాడని పరవాలేదా, పోనీలే అని పరవాలేదా?"

ఆంటీ ఫోను పక్కన పెట్టేసింది. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! అదేం ప్రశ్నే? బాగా చేస్తే ఆ టిప్ టిప్ ఎందుకుంటుంది? నేనేదో మాటల్లో ఉండి అనేశాను."

అది కప్పల గడియారం కాదు.

"నిజం చెబితే అతని పని పోతుందేమోనని భయపడ్డానమ్మా," అన్నారు మాస్టారు. బకెట్ అప్పటికే నిండుగా ఉంది. దాన్ని పారబోసి, మళ్లీ అక్కడే పెట్టారు.

పిన్ని మాత్రం తువ్వాలు విప్పి చూపించింది. రాజుగారి ముక్కులోంచి నీళ్లు ధారగా కారాయి. "చెప్పీ చెప్పీ విసిగిపోయి అలా అన్నానే," అంది. "మరి చిటపటలాయన చేసిన బాత్రూం కుళాయి?" అని పరాకు అడిగింది. పిన్ని నాలుక కరుచుకుంది. పరాకు ఆ కుళాయికి కాగితం చుట్టి చూసింది. తడవలేదు.

అంతా విని నాన్న తల పట్టుకున్నాడు. "నేను మాత్రం ఏం ఒరగబెట్టాను? చదవకుండానే సంతకం పెట్టాను."

మర్నాడు పొద్దున నవ్వుల ప్లంబర్ పరుగున వచ్చాడు. విషయం విని ఆయన మొహం నల్లబడింది. పరాకు ఆయన్ని నవ్వు లేకుండా చూడడం అదే మొదటిసారి.

"ఎవరూ ఒక్క మాటైనా అనలేదు కదండీ," అన్నాడు. "బాగానే ఉందనుకున్నాను." ఆ మూడిళ్లకీ తనే వెళ్లి మళ్లీ బిగించి వస్తానన్నాడు. పరాకు జేబులోంచి ఒక పేపరు ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎలా చుట్టాలో కూడా చెప్పింది.

తర్వాత బోర్డు మీది ఆకుపచ్చ చుక్క గోటితో గీకి తీసేసింది. ప్రతి కార్డు కింద ఒక తెల్ల కాగితం గుచ్చింది. చిటపటల ప్లంబర్ కాగితం మీద ఇలా రాసింది: 'మామ్మగారి సింకు, పిన్ని బాత్రూం కుళాయి. కాగితం తడవలేదు. బాగా కసురుతారు.' నవ్వుల ప్లంబర్ కాగితం మీద, 'మూడిళ్లలో, మామ్మగారింట్లో కారింది. మళ్లీ చేస్తున్నారు. చూసి రాస్తాను,' అని రాసింది.

అన్నీ అయిపోయాయి. పెన్ను జేబులో పెట్టుకుంది. కానీ కాళ్లు ఇంటి వైపు కదల్లేదు.

మామ్మ తలుపు తెరిచే ఉంది. కిటికీ దగ్గర బొమ్మలు తాడు మీద వేలాడుతూ గాలికి మెల్లగా ఊగుతున్నాయి. నిద్రలో నడుస్తున్నట్టున్నాయి. తొండం లేని ఏనుగు మామ్మ ఒళ్లో ఉంది.

"మామ్మా," అంది పరాకు. "నిన్న నువ్వు పరవాలేదన్నావు కదా. అది ఏ పరవాలేదు?"

మామ్మ ఏనుగు రెప్పల్ని వేలితో మెల్లగా మూసింది.

"బాధగా ఉందే," అంది. "రాత్రి ఏడ్చాను కూడా. రేపు ఆ పిల్లలకి ఏం చూపించను? నీ మీద కోపం కూడా వచ్చింది, కొంచెం."

పరాకు కళ్లల్లోంచి నీళ్లు టిప్ టిప్‌మని రాలాయి. ఈసారి ఆ చప్పుడు ఏమిటో ఆ పిల్లకి బాగా తెలుసు. అయినా గుమ్మం దగ్గరే ఆగిపోలేదు. లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, కుళాయి గట్టిగా కట్టేసింది. వంగి, అతుకు మీద ఒకసారి వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది.

తర్వాత జేబులో మిగిలిన పాత పేపరు ముక్కలన్నీ మామ్మ ముందు కుప్పగా పోసింది.

"వీటితో తొండం అవుతుందా మామ్మా?"

మామ్మ ఒక ముక్క తీసి నీళ్లలో ముంచింది. "అవుతుంది. సాయంత్రం దాకా నలపాలి. మధ్యలో ఎక్కడికీ ఎగిరిపోకూడదు మరి."

"ఎగరను," అంది పరాకు. చాప మీద కూర్చుని, పేపరు నలపడం మొదలుపెట్టింది.