ఊ కొట్టే అలవాటు

మధ్యాహ్నం మూడు గంటలకి ఆ ఇంట్లో వినపడేది కుట్టుమిషను చప్పుడొక్కటే. అక్క ముందుగదిలో కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. వెనకగదిలో, గోడకి ఆనించిన మంచం మీద, లారీ నడిపే తమ్ముడు పడుకుని ఉన్నాడు. నిద్ర రాకుండా ఉండే మాత్రలు మూడేళ్లు మింగాడు. మానేసి ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

"ఒరేయ్, మంచం నిన్ను వదలడం లేదా, నువ్వు మంచాన్ని వదలడం లేదా?" అని కేకేసింది అక్క.

"ఇద్దరం రాజీపడ్డాంలే," అన్నాడు. నవ్వుదామనుకున్నాడు. నవ్వు రాలేదు.

డాక్టరమ్మ ముందే చెప్పింది, చిన్నపిల్లాడికి పాఠం చెప్పినంత ఓపిగ్గా. మనసుకి హుషారునిచ్చే రసాయనాలు మెదడులో ఊరుతుంటాయి. వాటిలో ఒకదాని పేరు డోపమైన్. మాత్ర కొత్తగా ఏమీ పోయదు. ట్యాంకులో ఉన్న డీజిలంతా ఒక్కసారిగా ఇంజనుకి వదిలినట్టు, ఉన్నదాన్నే కుమ్మరిస్తుంది. రోజూ అలా వరద పారితే తట్టుకోలేక మెదడు తలుపులు మూసుకుంటుంది. మాత్ర మానేశాక ట్యాంకు ఖాళీ, తలుపులు మూత. మళ్లీ తెరుచుకోవడానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు.

"అంతదాకా అన్నం గడ్డిలా ఉంటుంది. అయినవాళ్లు పరాయివాళ్లలా కనిపిస్తారు. బతకడమే దండగనిపించొచ్చు. అలా అనిపించిన క్షణమే మీ అక్కతో చెప్పాలి, తెలిసిందా?" అందామె. బుద్ధిగా తలూపాడు.

ఆమెకి తెలియనిది ఒకటుంది. లారీలో జంటగా వెళ్లేవాళ్లకి ఒక కట్టుబాటు. పక్క సీటులోవాడు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి; స్టీరింగు పట్టినవాడు ప్రతి మాటకీ ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రలోకి జారాడన్నమాటే. ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ, విన్నది బుర్రకెక్కక ముందే అతని నోరు ఊ అనేసేది.

మిషను ఆగింది. అక్క దారం మారుస్తోంది కాబోలు. తడిసిన గోనెసంచి వాసనలాంటిదేదో గదిలో కమ్ముకుంది.

"అలిసిపోయావు," అంది ఒక గొంతు.

"ఊ."

"ఇంక ఏ రుచీ తిరిగి రాదు."

"ఊ."

కళ్లు తెరిచాడు. గొంతు గోడవైపు నుంచి వస్తోంది. మంచానికీ గోడకీ మధ్య చెయ్యి కూడా దూరదు.

"అక్కకి నువ్వు బరువు."

"ఊ."

నోరు మూసుకోవాలనుకున్నాడు... మూతపడలేదు.

"ఎవడితోరా ఫోను?" అంది ముందుగదిలోంచి అక్క. మిషను మళ్లీ కదిలింది.

"ఆమెకి చెప్పకు... మేడ మీదికి పోదాం."

"ఊ."

కాళ్లు నేలకి ఆనాయి. తను ఆనించలేదు. గడప. నడవా. మేడమెట్లు... ఒకటి... రెండు... చెవి వెనక చల్లటి ఊపిరి.

"ఇంకొంచెం... అంతే. మళ్లీ లేవక్కర్లేదు. వస్తావుగా?"

పెదాలు గుండ్రంగా తిరిగాయి. నాలుకని పళ్ల మధ్య పెట్టి కసుక్కున కొరికాడు. నోరంతా ఉప్పగా నెత్తురు.

"అక్కా! చచ్చిపోవాలనిపిస్తోందే... నన్ను పట్టుకో!"

కుర్చీ దభాలున పడింది. అక్క పరిగెత్తుకొచ్చి చొక్కా దొరకబుచ్చుకుని కిందిమెట్టు మీద కూర్చోబెట్టింది. తిట్టలేదు. ఏడవలేదు. తమ్ముడి తల ఒళ్లో అదుముకుని, ఒంటిచేత్తో డాక్టరమ్మకి ఫోను కలిపింది.

"చెప్పాడా? చాలా మంచి పని చేశాడమ్మా," అంది డాక్టరమ్మ. ఊపిరి పీల్చుకున్నట్టు వినపడింది. "ఇదంతా జబ్బు చేయించే పని, అతని తప్పు కాదు. ఉన్నపళంగా తీసుకొచ్చేయండి. దారిలో చెయ్యి వదలొద్దు."

"ప్రాణం పోయినా వదలను."

"అతనికి నా మాట వినపడుతోందా?"

తెగిన నాలుక ఈలోగా వాచిపోయి, మాట రాక తలూపాడు. "వింటున్నాడండీ, తలూపుతున్నాడు," అంది అక్క.



"సరేనమ్మా. ఆ రెండో అబ్బాయిని కూడా తీసుకురండి," అంది డాక్టరమ్మ మెల్లగా. "అలా వెక్కి వెక్కి ఏడవొద్దని చెప్పండి. పాపం, అతనికి ఇంకా బాగోలేనట్టుంది."

మెట్ల మీద వాళ్లిద్దరే ఉన్నారు.