మూత మరిచిన ఫోటో

"కదలొద్దు" అని నరసింగరావు అనకముందే ఆమె శిలలా నిలిచిపోయింది. గడ్డం కాస్త ఎత్తి, కళ్లు దీపాల్లా తెరిచి.

అలా నిలవడం బొబ్బిలిలో ఎవరికీ రాదు. నరసింగరావు కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాడు. కెమెరా గాజు మీద ఆమె తలకిందులుగా కనిపించింది. ఆ ముఖం అతనికి తెలుసు.

పద్నాలుగేళ్ల కిందట, 1929లో, మద్రాసులో మూకీలు తీసే కంపెనీలో అతను ప్రచారం ఫోటోలు కడిగేవాడు. చీకటిగదిలో, నీళ్ల పళ్లెంలో, రోజుకు వందసార్లు ఈ ముఖమే తేలేది. కింద 'కుముదినీదేవి' అని అచ్చువేసేవారు. గొంతు మాత్రం ఎన్నడూ వినలేదు. తెరమీద పెదాలు కదిలేవి, అంతే. టాకీలు వచ్చాయి. ఆమె మాయమైంది. ఎక్కడికి పోయిందని కంపెనీలో ఒక్కడూ అడగలేదు.

"మీరు... కుముదినీదేవి కదూ? మీ ఫోటోలు నేనే కడిగేవాణ్ణి."

"కుముదినీ లేదు, గిముదినీ లేదు. నా పేరు లక్ష్మణమ్మ. బేగి తియ్యి బాబూ. ఫోటో రేపు టపాలో రామతీర్థం పోవాల. అక్కడో కామందుకి రెండో పెళ్లి. ఫోటో నచ్చితే మా మావ తాళి కట్టించేస్తాడు."

"మీకు ఇష్టమేనా?"

"నన్నెవులు అడిగారేటి?"

ఎండుమిరపకాయల పోపులాంటి గొంతు! తెరమీది పెదాల వెనక ఇన్నాళ్లూ ఇది దాగుందా?

బయట ముసురు. వెలుతురు మసకగా ఉంది. నరసింగరావు లెన్సు మూత తీశాడు. పది లెక్కపెట్టి మళ్లీ మూసెయ్యాలి. ఒకటి, రెండు...

"ఏటలా సూస్తన్నావు? నా మాటకి నవ్వొస్తందా? మద్రాసులో మైకు ముందు ఒక్కమాట సెప్పమన్నారు. సెప్పాను. గదంతా పకపకా నవ్వింది. ఆ మర్నాడే రైలెక్కేశాను."

"నవ్వడం లేదు. ఇంకా చెప్పండి."

ఆమె చెప్పింది. పదకొండేళ్లుగా ఫోటోలు తీస్తున్నవాడు మూత చేత్తో పట్టుకుని, దాన్ని మరిచి, నోరు తెరిచి విన్నాడు.

మర్నాడు ఆమె గొడుగు విదిలించి లోపలికొచ్చింది. ఫోటో చూసి అదిరిపడింది.

"ఇదేటి? కుర్సీ ఉన్నాది, సీర ఉన్నాది. నా మొకమేది? పొగలా ఉన్నాది!"

"మీరు మాట్లాడుతుంటే మూత పెట్టడం మరిచాను."

"సాల్లే నీ పనితనం! ఇంకోటి తియ్యి. గాజుప్లేట్లు అయిపోయాయా?"

అయిపోయాయంటే నమ్మేది. సరుకు దొరకని యుద్ధం రోజులు మరి.

"ఒకటుంది. తీయను."

"ఏం?"

"తీస్తే రామతీర్థం పోతారు."

ఆమె గొడుగు కిందపెట్టింది. "నువ్వు కడిగిన బొమ్మని పెళ్లాడదామనా? ఆ పిల్ల ఎప్పుడో పోయింది."

"ఆ బొమ్మ నాతో ఒక్కమాట ఆడలేదండీ. నిన్న మీరు ఆడారు. రాత్రంతా నిద్ర లేదు."

లక్ష్మణమ్మ అతన్ని సూటిగా చూసింది. ఏ కెమెరా ముందూ అలా చూడలేదు.

"అండీ గిండీ ఆపు ముందు. పద, మా మావకి సెప్దువు గాని. సెడ్డ కోపిష్టి."

"నాకు మాట రాదేమో!"

"నీకు రాకపోతే ఏటి? నేను మాటాడతాను."