జత కలవని బూట్లు

ఆసుపత్రి వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ సంచిని గుండెలకు హత్తుకుని సోల్‌ఫ్రిడ్ లోపలికి వచ్చేసరికి, ప్రైవేట్ డిటెక్టివ్ గున్‌వోర్ హెగ్గె కాఫీ పోసుకుంటోంది. వచ్చినావిడ వాలకం చూసి ఆ కప్పు ఆవిడ ముందే పెట్టేసింది.

"మా ఆయన కాలు ఇక పనికిరాదట. పైగా పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే భత్యం ఇవ్వం పొమ్మన్నారు. ఇల్లు అమ్ముకోవడమేనండీ!"

"ఎందుకివ్వరట?"

"దెబ్బ దుగ్‌నాడ్‌లో తగిలిందట. అది ఉద్యోగం కాదుగా!"

ఊరంతా చేరి జీతం లేకుండా చేసుకునే పనికి నార్వేలో ఆ పేరు. దానికి ఎగనామం పెట్టినవాణ్ణి ఊరు చచ్చేదాకా దెప్పుతుంది. ఆ శనివారం పడవల కొట్టానికి రంగులేస్తున్నారు. అందరూ వాఫెల్స్ తినడానికి వెళ్ళిన సమయంలో, సోల్‌ఫ్రిడ్ భర్త ఓడ్వార్ కొట్టంలో నిచ్చెన కింద పడి కనిపించాడు. తలకు దెబ్బ తగలడంతో ఆ రోజు సంగతులేవీ అతనికి గుర్తు లేవు.

"ముందు చూసిందెవరు?"

"మా అన్నయ్య స్టైనార్. మా ఆయనా వాడూ పనిచేసేది చేపల ఫ్యాక్టరీలోనే. అన్నయ్య అక్కడ ఫోర్‌మన్. వాడే లేకపోతే మా ఆయన దక్కేవాడు కాదు." సోల్‌ఫ్రిడ్ కళ్ళు తుడుచుకుంది. "విరిగిన కాలిని ఎవరో గట్టిగా లాగారనీ, నరాలు అందుకే తెగాయనీ డాక్టరు అన్నాడు. కంగారులో ఎవరు లాగారో ఏమో!"

గున్‌వోర్ సంచిలోవి బల్ల మీద పెట్టింది. ఒక చొక్కా, రెండు రబ్బరు బూట్లు. ఆసుపత్రిలో కత్తెరతో నిలువునా కోసిన కుడి బూటు తెల్లది. ఎడమది నల్లది. గున్‌వోర్ సహాయకుడు, రిటైరైన పోస్ట్‌మాన్ అస్లాక్ ఫక్కున నవ్వబోయి, సోల్‌ఫ్రిడ్ ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు. తెల్ల బూట్లు తొడిగించి లోపలికి పంపారు. లోపల బెల్టు యంత్రం మీది రక్షణ మూతకు మరలు కొత్తగా మెరుస్తుండటం గున్‌వోర్ చూసింది. తిరిగొచ్చేటప్పుడు అస్లాక్ గుమ్మం దగ్గరి ఎర్ర గీత దాటి అడుగేశాడో లేదో, స్టైనార్ కేక పెట్టాడు.

"ఏయ్ పెద్దాయనా! కళ్ళు నెత్తికెక్కాయా? లోపల తెల్ల బూటు, బయట నల్ల బూటు. ఫ్యాక్టరీ తగలబడుతున్నా మావాళ్ళు ఆగి బూటు మార్చుకునే బయటికి పోతారు!"

"తెల్ల బూట్లు ఇంటికి తీసుకెళ్తారా?" అంది గున్‌వోర్.

"నా హయాంలోనా? ఒక్కటి కూడా గడప దాటలేదు."

"ఆ శనివారం పని ఉందా?"

"తాళం వేసి ఉంది. అందరం కొట్టం దగ్గరే ఉన్నాం."

గున్‌వోర్ తల ఊపింది. అస్లాక్ మాత్రం రేవులో ఓ చక్కర్ కొట్టి వచ్చాడు. ఆ శనివారం పొద్దున్నే ఒక పడవ నిండుగా కాడ్ చేపలు దింపి వెళ్ళిందట. చేపలేమో సోమవారం దాకా ఆగేవి కావు.

గురువారం ఫ్యాక్టరీ భోజనాల గదిలో అందరినీ కూర్చోబెట్టింది గున్‌వోర్. చక్రాల కుర్చీలో ఓడ్వార్, పక్కనే సోల్‌ఫ్రిడ్, భత్యం కార్యాలయం నుంచి రగ్నిల్, తలుపు దగ్గర చేతులు కట్టుకుని స్టైనార్. బల్ల మీద బూట్లు చూడగానే స్టైనార్ ముఖం పాలిపోయింది.

"ఓడ్వార్ నిచ్చెన ఎక్కలేదు, రగ్నిల్ గారూ. తెల్ల బూటు ఈ గడప దాటదని ఫోర్‌మన్ గారే చెప్పారు. మరి ఇది ఓడ్వార్ కాలికి ఉండగా కొట్టం దాకా ఎలా వెళ్ళింది?"

"పొరపాటున వేసుకుని వెళ్ళాడేమో," అంది రగ్నిల్.

"ఒక కాలికి తెల్లది, ఒక కాలికి నల్లదా? ఆ శనివారం చేపలు వచ్చాయి. బావ పిలిస్తే ఓడ్వార్ పనిలోకి వచ్చాడు. పని తొందరగా తెమలాలని యంత్రం మీది రక్షణ మూత తీసేశారు. బెల్టు కాలిని లాగేసింది, తల నేలకు కొట్టుకుంది. మూత ఎవరు తీశారో బయటపడితే ఫోర్‌మన్‌కు ఉద్యోగం ఉండదు, కేసు కూడా అవుతుంది. అందుకని మనిషిని చేపల బండి మీద వేసి కొట్టానికి తోశాడు. కొట్టంలో తెల్ల బూట్లు చూస్తే ఫ్యాక్టరీ సంగతి బయటపడుతుందని వాటిని నల్లవాటితో మార్చబోయాడు. ఎడమది వచ్చింది. విరిగిన కాలిది రాలేదు."

"అన్నయ్యా, కాదని చెప్పు!" అంది సోల్‌ఫ్రిడ్. "చెప్పరా!"

స్టైనార్ తల ఎత్తలేదు. "చచ్చిపోయాడనుకున్నానే. తర్వాత మూలిగాడు. అప్పటికే బండి మీద వేసేశాను."

సోల్‌ఫ్రిడ్ భర్త కుర్చీని గట్టిగా పట్టుకుంది. తోడబుట్టినవాడు ఇంత పని చేస్తాడని కలలోనైనా అనుకోలేదు. రగ్నిల్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పని ప్రమాదమే. మా నిర్ణయం ఈరోజే వెనక్కి తీసుకుంటాం," అంది.

ఆ మాట విని ఎవరూ సంతోషించలేదు. ఓడ్వార్ బావ వైపే చూస్తున్నాడు.

"బూటు లాగినప్పుడు నేను అరిచానా బావా?"

స్టైనార్ అన్నాడు, "అరిచావు. ఆపమన్నావు."

"ఆపావా?"

స్టైనార్ బల్ల మీది తెల్ల బూటు వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.