మిగిలిన మన్ను

మూడు ప్రాకారాలతో, ముప్పైరెండు బురుజులతో మబ్బులను ఒరుసుకుంటూ నిలిచిన ఏటికొండ దుర్గం ఆ చైత్రమాసంలో ముట్టడికి సిద్ధమవుతున్నది. శత్రుసేనలు వానాకాలంలోనే దిగుతాయని వేగులవారు చెప్పగా, దిగువ పల్లెల్లోని మూడువందల కుటుంబాలను కోటలోకి తెచ్చి, పడమటి వాలులో ఇళ్ళు కట్టించాలని మంత్రి చౌడామాత్యుడు నిశ్చయించాడు. భూపరీక్ష చూడడానికి ఇరవయ్యేళ్ళ వీరకామ మహారాజు స్వయంగా వచ్చాడు.

మూరెడు గుంట తవ్వి, తీసిన మన్ను తిరిగి అందులోనే పోశారు. గుంట నిండి గంపెడు మన్ను మిగిలింది.

"మన్ను మిగిలితే మంచి నేల, తగ్గితే చెడ్డ నేల. పెద్దలు చెప్పిన మాట, ప్రభూ!" అన్నాడు మంత్రి.

సేనాని బైచనాయకుడు ముందుకు వచ్చాడు. చెరువుకట్టలు పోసే ఇంట పుట్టి, కత్తి పట్టి అంతవాడైన మనిషి. ఆ పుట్టుకే మంత్రి కంట్లో నలుసు.

"దేవరవారు మన్నించాలి. ఇది రేగడి. ఎండకు బిగిసిన గడ్డలు గుంటలో సందులు వదిలి కూర్చున్నాయి గనుక మిగిలింది. నాలుగు వానలు పడితే ఇదే నేల జారిపోతుంది. ఆ చింతచెట్లు చూడండి, మొదట్లోనే కొడవళ్ళలా వంగాయి. ఏటేటా వాటి కింద నేల కదులుతున్నది. శిఖరం మీద మీ పూలతోట ఉన్నది రాతిగట్టు. ఆ చోటు ఇప్పించండి."

"ప్రభువుల తోటలో పల్లెజనమా!" మంత్రి నవ్వాడు. "ఆ జనం గోడ బయటే ఉండి శత్రువు వాత పడాలని సేనాని కోరిక కాబోలు! ఈ మాటలతో అందరినీ బెదరగొట్టారు. రాజభక్తి ఉన్నవారైతే, వాలులో అట్టడుగు ఇంట ముందుగా వారి తల్లిగారినే కాపురం పెట్టమనండి."

రాజు బైచడి వైపు చూశాడు. ఆ రాజుకు గుర్రమెక్కడం నేర్పింది బైచడే. ఆ చూపులోని అనుమానం అతని గుండెను కోసేసింది.

"పోతాను నాయనా," అన్నది, ఇంట్లో ఆ సంగతి విన్న తల్లి మైలమ. "ఎవరో ఒకరం ఆ నేలను కనిపెట్టి ఉండాలి గదా."

ఇళ్ళు లేచి జనం దిగాక, నేల కదిలితే తెలిసేలా ఆమె వాలు పొడవునా తాడు పట్టినట్టు కొయ్యగూటాలు పాతించుకున్నది. శ్రావణంలో శత్రువూ వానా కలిసే వచ్చాయి. ప్రతి ఉదయం బురుజు మీది కొడుక్కు ఒకటే కబురు, గూటాలు నిటారుగా ఉన్నాయని. పదకొండోనాడు కబురు మారింది. వరుస వంకరపోయింది, ఊటనీరు బురదగా వస్తున్నది.

బైచడు బురుజు మీదే ఉన్న రాజు ముందుకు పరుగెత్తి, జనాన్ని తరలించడానికి సెలవడిగాడు.

"ముట్టడిలో బురుజు దిగిన సేనానికి మరణదండన. అది కోట కట్టడి," అన్నాడు మంత్రి. "ఈ గందరగోళంలో తలుపులు తెరిచే పన్నాగమిది, ప్రభూ!"

బైచడు కత్తి తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"దిగుతున్నాను ప్రభూ. ఆ జనాన్ని పైకి చేర్చి, నా తల నేనే తెచ్చి అప్పగిస్తాను."

వాలులో ఒక్కరూ కదలలేదు. "సేనాని తల్లే అడుగున ఉండగా మాకేం భయం?" అన్నారు. మైలమ వానలో తడుస్తూ గడపగడపకూ తిరిగి, బతిమాలి, తిట్టి లేపింది. కొడుకు చేయి పట్టి లాగితే విడిపించుకున్నది.

"నన్ను చూసే వీళ్ళిక్కడ నిలిచారు, బైచా. వీళ్ళందరూ ఎక్కాకే నేను. ఆ ముసలాయన్ని మోసుకుపో, ముందు."

జనమంతా ముందు ఎక్కిపోగా, అతడు ముసలాయన్ని భుజాన వేసుకొని పైమెట్టు చేరాడు. వెనక నేల మూలిగింది. తిరిగి చూసేసరికి వాలు లేదు, ఇళ్ళు లేవు, అమ్మ లేదు.

రెండు రోజులు చేతులతో తవ్వి ఆమెను వెలికితీశాడు. ఆ తరువాత వచ్చి రాజు ముందు తల వంచాడు. రాజు ఏడ్చాడు. మంత్రి వేలి ముద్రికను అప్పుడే ఊడదీయించాడు, కత్తిని తానే ఎత్తి బైచడి చేతికిచ్చాడు. మైలమకు తన పూలతోటలోనే చోటిచ్చాడు.

గుంట బైచడే తవ్వాడు, తానే పూడ్చాడు. పక్కన చాలా మన్ను మిగిలింది. ఏదో ఒక మంచిమాట చెప్పాలని రాజే అతని దగ్గరకు వచ్చాడు.

"మన్ను మిగిలింది, సేనానీ. నీవన్నట్టే ఇది మంచి నేల. ఇళ్ళు ఇక్కడే కట్టిద్దాం."

బైచడు ఆ మన్నును గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"కట్టించండి ప్రభూ. నేల మంచిదే," అన్నాడు. "కానీ మన్ను మిగిలింది అందుకు కాదు. లోపల మా అమ్మ ఉంది."