టోల్ గది మలుపులో చక్రం తట్టే గుమాస్తా

టోల్ గది మలుపులో దెయ్యం ఉందన్నది పచ్చి అబద్ధమని కొలతల మాస్టారు ఏనాడో తేల్చేశారు. దేన్నీ కొలవనిదే నమ్మరు గనుక ఆయనకా పేరు.

జనం చెప్పే కథ ఇది. నలభై ఏళ్ల కిందట ఆ గదిలో కూర్చునే టోల్ గుమాస్తా లారీ కింద పడి చచ్చాడట. చీకటి పడ్డాక మలుపు తిరిగే కారు వెంటపడి, చీటీ చూపించమని చక్రాన్ని తడతాడట. ఆపకపోతే... చక్రమే ఊడబెరుకుతాడట.

ఈ కథ వింటేనే మాస్టారికి ఒళ్లు మండేది. చెప్పే మనిషి మారితే చాలు, లారీ కాస్తా బస్సయ్యేది. ఆ గది కట్టి పాతికేళ్లయినా కాలేదు. ఇక గుమాస్తా అంటారా — నిక్షేపంగా ఉన్నాడు. నిరుడు మాస్టారికి కాఫీ ఇచ్చి, తన చావు కథ తానే శ్రద్ధగా విని, పంచదార సరిపోయిందా అని అడిగాడు. ఆ తట్టుడు గురించి రాతలో మొదట కనిపించేది పాడైన బండ్లు లాగే క్రేను డ్రైవరు నోటుబుక్కులో: 2016 ఆగస్టు 9. అంతకుముందు ఒక్క అక్షరం లేదు. ఆ తేదీ నుంచే ఎందుకన్నది మాత్రం ఆయనకు కొరుకుడు పడలేదు.

ఆ రాత్రి కారు కూతురు నడుపుతోంది. మాస్టారు పక్క సీట్లో. ముందు కుడి చక్రానికి బేరింగు మార్చి, అల్లుడు తన మెకానిక్ షెడ్డు నుంచి గంట కిందటే బండి అప్పగించాడు. మర్నాటి నుంచి ఆమె రోజూ ఇదే దారిన పిల్లలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని బడికి వెళ్లాలి.

టోల్ గది కనిపించింది. కిటికీకి అద్దాల్లేవు. తలుపు ఒంటి బందు మీద వేలాడుతోంది. బండి మలుపు తిరిగింది...

టక్.

“నాన్నా...” కూతురు అద్దంలో వెనక్కి చూసింది. “వచ్చాడు.”

టక్... టక్...

“ఎవరమ్మా?”

“చీటీ అడిగేవాడు.”

“నిన్ను చదివించింది ఇందుకేనా? బండి ఆపు.”

“ఇక్కడా!”

“ఇక్కడే.”

ఆపింది. భర్తకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది. సంగతి వినగానే అల్లుడు కేకపెట్టాడు. “మామయ్యా, మీకు దండం పెడతాను, అక్కడ మాత్రం దిగకండి!”

“దిగక ఏం చెయ్యమంటారు అల్లుడుగారూ? మనం దిగకపోతే చక్రం దిగేట్టుంది.”

టార్చి వెలుగులో మాస్టారు చక్రం మధ్య మూత ఊడదీశారు. లోపల ఇరుసు చివర పెద్ద నట్టు — హబ్ నట్టు. చక్రాన్ని పట్టి ఉంచేది అదే. బిగించాక దాని అంచును ఇరుసు మీది గాడిలోకి ఉలితో నొక్కుతారు, మళ్లీ తిరగకుండా. ఆ నొక్కు గాడిలో ముచ్చటగా కూర్చుని ఉంది. నట్టు వెనక వాషరు మాత్రం వేలు తగిలితే గిరగిరా తిరిగింది — నట్టుకు బిగువే లేదన్నమాట.

మాస్టారి ఒళ్లు చల్లబడింది. దెయ్యానికి కాదు.

“పాత నట్టే వేశారా?”

“బాగానే ఉంది కదండీ మామయ్యా. పాత నొక్కు మళ్లీ గాడిలోకి వచ్చేదాకా తిప్పి ఆపాను. మొదటినుంచీ మా షెడ్డులో అంతే.”

“అంటే బిగువు చూడరు, గుర్తు చూస్తారు. భేష్. కొత్త నట్టు తీసుకుని రండి. నేనిచ్చిన టార్క్ రెంచి కూడా, బిగువు కొలిచేది.”

“ఆ... ఆ మలుపుకా?”

“కాదు, షికారుకు. త్వరగా.”

అరగంటకు అల్లుడు వచ్చాడు, టోల్ గదివైపు చూడకుండా. రెంచి పెట్టె మీద టేపు పరపరా చింపిన చప్పుడుకు మాస్టారు కనుబొమలు ముడిపడ్డాయి.

చక్రం నేల మీద ఉండగానే, కూతురు బ్రేకు తొక్కిపట్టగా, నొక్కు లేపి పాత నట్టు విప్పించారు. తర్వాత బండిని జాకీతో లేపి, స్టాండు మీద నిలబెట్టి, బేరింగు మీద బరువు లేకుండా కొత్తది ఎక్కించారు. బండి పుస్తకంలో ఉన్న అంకెకు రెంచి తిప్పి పెట్టి, అల్లుడి చేతికిచ్చారు.

“లాగండి. మెల్లగా.”

అల్లుడు లాగాడు. లాగాడు...

టక్!

రెంచి వదిలేసి రెండడుగులు వెనక్కి గెంతాడు. “వాడే మామయ్యా! చేతిలోనే తట్టాడు!”

కారులోంచి కూతురు తల బయట పెట్టింది. “ఏమండీ... అది రెంచి.”

“బిగువు సరిపోగానే రెంచి చేసే చప్పుడు, అల్లుడుగారూ,” అన్నారు మాస్టారు. “ఇంతవరకు వినలేదన్నమాట. మీ షెడ్డు నుంచి వచ్చే బండికి బరువంతా కుడి చక్రం మీదికి ఒరిగే మొదటి మలుపు ఇదే. గుమాస్తా పాపం ఎక్కడికి పోతాడు?”

అంచు నొక్కి, మూత బిగించి, ఆయన టార్చి పెట్టెవైపు తిప్పారు. చింపిన టేపు కింద, కంపెనీ సీలుకు పక్కన, తాను అతికించిన చీటీ చెక్కుచెదరలేదు: ‘అల్లుడుగారికి, షెడ్డు తెరిచిన రోజున. 2016 జులై 18.’

క్రేను డ్రైవరు పుస్తకంలో మొదటి తట్టుడుకు సరిగ్గా ఇరవై రెండు రోజుల ముందు.