తల బరువు

...అయినా అంత దూరం వెళ్ళి వచ్చినవాడికి చెప్పడానికి ఒక్క ముక్కైనా ఉండదా? సెలూన్ కుర్చీలో కూర్చున్న తమ్ముణ్ణి పొద్దుటి నుంచీ అదే తొలుస్తోంది. అన్న సైన్యంలో చేరినప్పటి నుంచీ కొట్లోకి వచ్చిన ప్రతివాడికీ అన్న యుద్ధాన్ని తనే చెప్పాడు. దిబ్బలెక్కడం, జెండాలు పాతడం, శత్రువు తోక ముడవడం, అన్నీ సొంత కల్పనే. సెలవులో వచ్చిన అన్న మాత్రం మూగనోము పట్టినట్టున్నాడు.

ఈవేళ తనూ వెళ్ళి సైన్యంలో పేరిచ్చి వస్తాడు. అందుకే ఈ క్రాఫు.

దువ్వెనలు కడుగుతున్న నాన్న ఉండబట్టలేకపోయాడు. "ఒకణ్ణి పంపాను, చాలదట్రా?"

"అన్న తుపాకీ పట్టొచ్చు, నేను మాత్రం జన్మంతా జనాల నెత్తులు గొరగాలా?"

"ఆ నెత్తుల మీదేరా నీకింత పొగరు పెరిగింది! పెద్దోడా, నువ్వైనా చెప్పు."

అన్న గుడ్డ దులిపి తమ్ముడి మెడకు చుట్టాడు. "ఎంత పొట్టిగా?"

"సైన్యంలో కొట్టినట్టు."

కత్తెర ఆడసాగింది. కాసేపటికి తమ్ముడికి ఏదో తేడాగా తోచింది. ఇదివరకు అన్న క్రాఫు చేస్తే, "తల వంచరా దున్నపోతా, కదిలావంటే చెవి నా జేబులోకి పోద్ది" అని ఒకటే గోల. ఇప్పుడు వంచమనడం లేదు. మెడ కింద అరచెయ్యి పెట్టి, తలను తనే ఎత్తి, తనే తిప్పి, వాలిపోకుండా మోచేత్తో ఆపుతున్నాడు.

"తిప్పమంటే నేను తిప్పనా అన్నా?"

కత్తెర ఆగింది. అద్దంలో అన్న ముఖం పాలిపోయింది.

"అలవాటైపోయిందిరా. అక్కడా నాకు దువ్వెనే ఇచ్చారు, పని తెలిసినవాణ్ణని. పోయినవాళ్ళను ఇళ్ళకు పంపేముందు తల దువ్వి, గడ్డం గీసేవాణ్ణి. అమ్మలు చూస్తారు కదా. మొదట్లో వాళ్ళనీ తల వంచమనేవాణ్ణి, నోటి అలవాటు కొద్దీ." కత్తెరకు అంటిన వెంట్రుకలు ఊదేశాడు. "నీ ఈడువాళ్ళే ఎక్కువ."

నాన్న చేతుల మీదుగా కుళాయి నీళ్ళు ఊరికే పోతున్నాయి.

తమ్ముడికి తన దిబ్బలు గానీ జెండాలు గానీ ఒక్కటీ గుర్తు రాలేదు. మెడ వెనక వెచ్చగా ఆ అరచెయ్యి. ఎన్ని తలల బరువు మోసిందో.

"ఇంకా పొట్టిగా చెయ్యాలా?"

"వద్దన్నా. ఎక్కడికీ వెళ్ళడం లేదుగా."

అన్న చెయ్యి అలవాటుగా మళ్ళీ మెడ కిందికి వచ్చింది. అది తాకకముందే తమ్ముడు తనంతట తానే తల వంచాడు.