పదిహేడో నంబరు స్టిక్కర్

టూరిస్టు బస్సు నిజ్వా కోట నుంచి మత్రా రేవుకి తిరిగొస్తూ ఇజ్కీ ఊరు దాటింది. చీకటి పడుతోంది.

స్పీడు నూట పది.

గైడు విజేత ఫోన్ మోగింది. నిజ్వా కోట గార్డు ఎహసాన్.

“మేడమ్, మీ టూరిస్టు ఒకాయన్ని ఇక్కడే వదిలేసి పోయారు.”

“లేదే. ఇరవై ఎనిమిది మందినీ లెక్కపెట్టే ఎక్కించాను.”

“కోటలో ఖర్జూరాలు నిలవచేసే పాత గది ఉంది కదా, అందులో పడి ఉన్నాడు. పెద్దాయన. తల పగిలింది. వెనక నుంచి ఎవడో కొట్టాడట. అంబులెన్స్ వస్తోంది. పేరు ముర్తుజా అంటున్నాడు.”

ముర్తుజా... పదిహేడో నంబరు!



విజేత తల తిప్పలేదు. డ్రైవర్ పైనున్న అద్దంలోకి చూసింది.

చివరి వరుస. కిటికీ పక్కన హుమా. ముర్తుజా భార్య. చైనా టూరిస్టుల మధ్య హిందీ మాట్లాడే జంట వాళ్లిద్దరే. పద్దెనిమిదో నంబరు. ఆమె పక్కన నీలం టోపీ, మాస్కు, ఛాతీ మీద పసుపు స్టిక్కర్.

పదిహేడు.

మరి వీడెవడు?

తప్పు తనదే. ఈ టూరిస్టులంతా షాంఘై నుంచి వచ్చిన ఓడలోవాళ్లు. మత్రా రేవులో దిగిన ప్రతివాళ్లకీ ఒకే రకం టోపీ, ఛాతీ మీద ఒక నంబరు. యాంగ్జీ నది మీద టూరిస్టు ఓడల్లో రెండేళ్లు గైడుగా చేసినప్పుడు విజేత నేర్చుకున్న పద్ధతే. పాత ఊరు చూపించు, తిరిగొచ్చాక నంబర్లు లెక్కపెట్టు. అక్కడ ఒక్కసారీ లెక్క తప్పలేదు. ఇక్కడ ఖురంలోని తన ట్రావెల్స్ ఆఫీసులో ఆ గొప్ప చెప్పుకునే ఈ పద్ధతి పెట్టించింది.

నంబర్లు చూసింది. మొహాలు చూడలేదు. కళ్లుండి ఏం లాభం?

తన మీద తనకే ఒళ్లు మండింది.

మళ్లీ అద్దంలోకి చూసింది. హుమా కదలడం లేదు. ఇద్దరి ఒళ్లోనూ ఒకే శాలువా పరిచి ఉంది. దాని కింద కత్తి ఉండే ఉంటుంది. లేకపోతే భర్త సీట్లో ఎవడో వచ్చి కూర్చుంటే ఏ ఆడది నోరు మూసుకుంటుంది?

పోలీసులకు మెసేజ్ పెట్టింది. జవాబు వెంటనే వచ్చింది. దారిలో ఫంజా ఊరి దగ్గర కాపు కాస్తారట.

ఫంజా ఇంకా అరగంట.

టోపీ వాడు తలెత్తాడు. అద్దంలో కళ్లూ కళ్లూ కలిశాయి...

వాడు హుమా చెవిలో ఏదో అన్నాడు. శాలువా కదిలింది.

అరగంట ఆగితే ఆమె మిగలదు!

విజేత మైక్ తీసుకుంది. ముందు చైనీస్‌లో చెప్పింది. దారి బాగాలేదు, అందరూ బెల్టులు పెట్టుకోండి. ముసలాళ్లంతా బుద్ధిగా పెట్టుకున్నారు. టక్... టక్... టక్. అందరినీ చూసి హుమా కూడా బెల్టు భుజం మీదుగా లాక్కుని పెట్టుకుంది. టోపీ వాడు అటూ ఇటూ చూశాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు వాడికి.

అదే తియ్యటి గొంతుతో తెలుగులోకి దిగింది.

“ఓంకార్ గారూ, వెనక్కి చూడకండి. చివరి వరుసలో ఉన్నవాడు మన టూరిస్టు కాదు. ఆ పెద్దాయన్ని కోటలో కొట్టి పడేసి, ఆయన స్టిక్కర్ పెట్టుకుని ఎక్కాడు. నేను మూడు అనగానే బ్రేకు తొక్కెయ్యండి.”

డ్రైవర్ ఓంకార్‌ది జగిత్యాల. పన్నెండేళ్లుగా ఈ రోడ్డు మీదే డ్యూటీ. మెడ కూడా తిప్పలేదు.

“పక్కన కూసున్న అమ్మకు దెబ్బ తాకదా మేడమ్?”

“ఆవిడకి బెల్టుంది. వాడికి లేదు.”

ఓంకార్ పక్క అద్దంలో చూసుకున్నాడు. “ఎనుక బండ్లు ఏం లెవ్వు. చెప్పుర్రి.”

“ఒకటి... రెండు... మూడు.”

బస్సు అరిచింది. టైర్లు కాలిన వాసన. టోపీ వాడు సీట్లోంచి ఎగిరాడు! నడవలో దొర్లుకుంటూ మధ్య సీట్ల దాకా వచ్చిపడ్డాడు. టోపీ ఒకవైపు, మాస్కు ఒకవైపు.

ముప్పై ఏళ్ల కుర్రమొహం.

లేవబోయాడు. అప్పటికే ఓంకార్ వీల్ స్పానర్‌తో వాడి వీపు మీద కూర్చున్నాడు.

“లేస్తె తలకాయ పలుగుతది బిడ్డా.”

భాష తెలియకపోయినా భావం తెలిసింది వాడికి. ఇద్దరు చైనా తాతలు కెమెరా పట్టాలతో వాడి చేతులు కట్టేశారు. వాడి చేతుల్లో ఏమీ లేదు. విజేత అది గమనించలేదు.

పరిగెత్తింది. హుమా పక్కన కూర్చుని గట్టిగా పట్టుకుంది.

“భయం లేదు మేడమ్” అంది హిందీలో. “సార్ బతికే ఉన్నారు.”

హుమా ఏడవలేదు.

“మాట్లాడుతున్నారా?”

“మాట్లాడుతున్నారు. పేరు కూడా ఆయనే చెప్పారట.”

హుమా నడవలో పడున్నవాడి వైపు చూసింది. చీదరగా చూసింది.

“యాసిర్, ఊపిరి ఆగిందన్నావు కదా? ఒక్క పని సరిగా చెయ్యలేవా?”



విజేతకి ఒక్కసారిగా అంతా అర్థమైంది. మత్రా దాకా లెక్క సరిపోవాలి. అక్కడ వీడు బజారు జనంలో కలిసిపోతాడు. ఈవిడ ఓడెక్కి, మా ఆయన మత్రాలో తప్పిపోయాడని గోల పెడుతుంది. నిజ్వాలో వెతకాలని ఎవరికి తోస్తుంది?

శాలువా జారింది. కత్తి ఉంది. హుమా చేతిలో ఉంది!

మొన విజేత పక్కటెముకల మధ్య ఆనింది.

“తలుపు తియ్యమని డ్రైవర్‌తో చెప్పు. నేను దిగిపోతాను. నీకేం కాదు.”

బయట చీకట్లో కొండలు. దిగితే దొరకదు. రేపో ఎల్లుండో ఆసుపత్రి మంచం దగ్గరికి భార్యనంటూ వెళ్తుంది. ఎవరు ఆపుతారు?

పొద్దున్న కోట మెట్లు ఎక్కుతూ ముర్తుజా ఆగాడు. భార్యకి ఆయాసం వస్తుందని. ఆమె నీళ్లు తాగేదాకా టోపీతో విసిరాడు.

ఆయన మొహం ఇప్పుడు గుర్తొచ్చింది విజేతకి. స్పష్టంగా.

“చెప్పు” అంది హుమా. మొన చర్మంలో దిగింది.

విజేత నోరు తెరిచింది.

“ఓంకార్ గారూ, ఆయన్ని చంపించబోయింది ఈవిడే. పోలీసులు వచ్చేదాకా తలుపు తియ్యకండి. నాకేమైనా సరే.”

తెలుగు రాకపోయినా ‘పోలీసు’ అన్న మాట హుమాకి అర్థమైంది. కత్తి పిడి దాకా దిగింది.